జలాశయం ఒక్కటి, కోరికలు అనేకం: నీటి ప్రణాళికలో ఉమ్మడి నిర్ణయ సాధనాలు

2015 డిసెంబరు 1వ తేదీ రాత్రి చెన్నై నగరానికి పడమటనున్న చెంబరంబాక్కం చెరువు నుండి సుమారు 29,000 క్యూసెక్కుల నీటిని అడయారు నదిలోకి వదలవలసి వచ్చింది. తెల్లవారేసరికి నదికి ఇరువైపులా ఉన్న పల్లపు వీధులు మునిగిపోయాయి. మూడున్నర సంవత్సరాలు గడిచాయి. 2019 జూన్ నాటికి అదే చెరువు అడుగు బీటలు వారింది. పూండి, చోళవరం, రెడ్‌హిల్స్ జలాశయాలు కూడ దాదాపు ఎండిపోయాయి. జూలైలో జోలార్‌పేట్ నుండి రైలు వ్యాగన్లలో నగరానికి నీరు తేవలసి వచ్చింది.

ఈ రెండు దృశ్యాల నడుమ ఒక ప్రశ్న దాగి ఉన్నది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం కురిసే కాలంలో జలాశయాన్ని ఎంత మట్టం వరకు నింపి ఉంచాలి? నిండుగా ఉంచితే వేసవికి నీరు దక్కుతుంది. కాని ఒక్క కుంభవృష్టికే దిగువ ప్రాంతాలు మునగవచ్చు. కొంత ఖాళీ ఉంచితే వరద కుదురుగా పోతుంది. కాని ఆ తరువాత వాన ముఖం చాటేస్తే వేసవిలో ట్యాంకర్ లారీ వెంట బిందెలతో పరుగు తప్పదు. అడయారు ఒడ్డున నివసించే కుటుంబానికి మొదటి భయం పెద్దది. కుళాయిలో నీరు రాని మిట్ట వీధి కుటుంబానికి రెండవ భయం పెద్దది. రెండు భయాలూ న్యాయమైనవే.

ఏ మట్టం వద్ద ఏ ప్రమాదం ఎంత ఉన్నదో ఇంజనీరింగు శాస్త్రం లెక్కగట్టి చెప్పగలదు. ఏ ప్రమాదాన్ని ఎవరు ఎంతమేరకు భరించాలో మాత్రం అది చెప్పలేదు. అది మనుషులు కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఆ కూర్చోవడం వట్టి వాగ్వాదంగా ముగియకుండా, లెక్కల ఆధారంగా సాగడానికి గడచిన నాలుగైదు దశాబ్దాలలో కొన్ని పద్ధతులు రూపుదిద్దుకున్నాయి. వాటినే నీటి ప్రణాళికలో ఉమ్మడి నిర్ణయ సాధనాలు అంటారు. అవి ఎక్కడ పుట్టినవి, ఎట్లా పనిచేస్తాయి, వాటి హద్దులేమిటి, సామాన్య నగరవాసికి వాటితో ఏమి పని అన్నది ఈ వ్యాసంలోని విషయం.

పదహారు ఆనకట్టల కథ

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరానికి పోటోమాక్ నది ప్రధాన నీటి ఆధారం. నగరం వేగంగా పెరుగుతున్న రోజులలో, 1963లో, అక్కడి సైనిక ఇంజనీర్ల విభాగం ఆ నదిమీద, దాని ఉపనదులమీద కలిపి పదహారు పెద్ద జలాశయాలు కట్టాలని ప్రతిపాదించింది. ఎగువ లోయలలోని భూములు మునుగుతాయని అక్కడివారు వ్యతిరేకించారు. 1966లో తీవ్రమైన కరువు వచ్చి నది ఎన్నడూ లేనంతగా సన్నగిల్లింది. నగరం ఆనకట్టలు కావాలన్నది, లోయ వద్దన్నది. ఇరుపక్షాల నడుమ మాట ముందుకు సాగక సంవత్సరాలు గడిచాయి.

1970ల చివరలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ చిక్కును మరొక దిక్కునుండి చూశారు. వాషింగ్టన్ నగర సంస్థకు నది తప్ప మరో ఆధారం పెద్దగా లేదు. మేరీలాండ్, వర్జీనియా శివారులకు నీరిచ్చే సంస్థలకు మాత్రం వేరే చిన్న నదులమీద సొంత జలాశయాలు ఉన్నాయి. ప్రతి సంస్థా తన నీటిని తన అవసరానికే లెక్కవేసుకుంటున్నది. అందరి వనరులను ఒకే లెక్కలో చేర్చి చూస్తే ఏమవుతుంది? నదిలో నీరు సమృద్ధిగా ఉన్న నెలలలో శివారులు నది నీటినే వాడుకుని తమ జలాశయాలను నిండుగా ఉంచుకోవాలి. నది సన్నగిల్లినప్పుడు శివారులు తమ జలాశయాల నీటిని వాడుకుని, నదిని రాజధానికి విడిచిపెట్టాలి. ఇట్లా కలిసి నడిపితే ఉన్న జలాశయాలకు మరొకటి రెండు తోడైతే చాలునని, అనేక సంవత్సరాల వరకు కొరత రాదని ఆ లెక్క తేల్చింది.

అయితే కాగితం మీది లెక్కను ఏ సంస్థ అధికారి అయినా ఎందుకు నమ్మాలి? తన జలాశయం తాళంచెవిని పొరుగువాడి మాటమీద ఎందుకు వదులుకోవాలి? ఇక్కడే అసలైన సాధనం ప్రవేశించింది. పరిశోధకులు కంప్యూటరుపై ఒక అభ్యాస క్రీడను తయారుచేశారు. గతంలో నిజంగా వచ్చిన కరువు కాలాల నదీ ప్రవాహాన్ని అందులో పొందుపరచారు. నీటి సంస్థల బాధ్యులే ఎదుట కూర్చుని, ఇప్పుడు ఎంత నీరు తీసుకోవాలి, ఎంత నిల్వ ఉంచాలి అని నిర్ణయించాలి. ఆ నిర్ణయాల ఫలితాన్ని యంత్రం వెంటనే చూపిస్తుంది. ఎవరికి వారే ఆడినప్పుడు కొరత ముంచుకొచ్చింది. కలిసి ఆడినప్పుడు అదే కరువును గట్టెక్కగలిగారు. ఉపన్యాసం వలన కలగని నమ్మకం, స్వయంగా చేసి చూడడం వలన కలిగింది.

1982 జూలైలో ఆ సంస్థలన్నీ ఉమ్మడి నిర్వహణ ఒప్పందాలపై సంతకాలు చేశాయి. ప్రతిపాదించిన పదహారు జలాశయాలలో చివరకు కట్టినది ఒక్కటే. నేడు దానిని జెనింగ్స్ రాండోల్ఫ్ సరస్సు అంటున్నారు. నగరానికి దగ్గరగా లిటిల్ సెనెకా అనే చిన్న జలాశయాన్ని అదనంగా నిర్మించుకున్నారు. ఈ జంట ఏర్పాటులోని తెలివి గమనించదగినది. ఎగువన సుమారు 320 కిలోమీటర్ల దూరంలోని పెద్ద సరస్సు నుండి వదలిన నీరు నగరానికి చేరడానికి తొమ్మిది రోజుల దాకా పడుతుంది. చిన్న జలాశయపు నీరు ఒకటి రెండు రోజులలోనే అందుతుంది. దూరపు నీటిని ముందుచూపుతో వదులుతారు. అంచనా తప్పితే దగ్గరి నీటితో సరిచేస్తారు. ఇతర మార్గాలతో పోల్చితే ఈ ఉమ్మడి నిర్వహణ వలన మిగిలిన ధనం 20 కోట్ల డాలర్ల నుండి 100 కోట్ల డాలర్ల వరకు ఉంటుందని అంచనా. 1999లోను, 2002లోను కరువు వచ్చినప్పుడు ఈ ఏర్పాటు పరీక్షకు నిలిచింది. కరువు లేని సంవత్సరాలలో కూడ ఆ సంస్థలు ఏటా ఒకసారి కూర్చుని కరువు వచ్చినట్లే అభ్యాసం చేస్తాయి.

పద్ధతిగా మారిన అనుభవం

ఇటువంటి అనుభవాల నుండి 1990ల ఆరంభంలో అమెరికా జాతీయ కరువు అధ్యయనం సందర్భంగా ఒక క్రమపద్ధతి ఏర్పడింది. దానికి అక్కడ 'షేర్డ్ విజన్ ప్లానింగ్' అని పేరు. తెలుగులో ఉమ్మడి దృక్పథ ప్రణాళిక అనవచ్చు. ఇందులో మూడు పాయలు ఉన్నాయి. మొదటిది, సమస్యను, లక్ష్యాలను, ప్రత్యామ్నాయాలను వరుసగా నిర్ధారించుకునే ప్రణాళికా క్రమం. రెండవది, సంబంధిత వర్గాలన్నిటికీ మొదటినుండీ స్థానమివ్వడం. మూడవది, అందరూ కలిసి నిర్మించుకుని, అందరూ తెరచి చూడగల ఒకే కంప్యూటర్ నమూనా.

మూడవ పాయకు ఇంత ప్రాముఖ్యం ఎందుకు? నీటి తగాదాలలో సాధారణంగా ఒక్కొక్క పక్షం ఒక్కొక్క నిపుణుని తెచ్చుకుంటుంది. ఆయన లెక్క ఈయన ఒప్పుకోడు. ఈయన పట్టిక ఆయన నమ్మడు. చర్చ నీటిని వదలి లెక్కల మీదికి మళ్ళుతుంది. సామాన్యుడు తనకు అర్థం కాని రెండు పెట్టెల మధ్య నిలబడి, ఎవరి గొంతు పెద్దదైతే వారి వైపు తిరుగుతాడు. అందరూ కలిసి ఒకే నమూనాను కట్టినప్పుడు ఈ పోరుకు తావు తగ్గుతుంది. మత్స్యకారుడు చెప్పిన విషయమూ, పరిశ్రమ యజమాని చెప్పిన విషయమూ అందులో చేరుతాయి. ఏ అంకె ఎక్కడినుండి వచ్చిందో అందరికీ తెలుస్తుంది. భిన్నాభిప్రాయం అప్పటికీ ఉంటుంది; కాని అది అంకెల మీద కాక, ఏది ముఖ్యమన్న విషయం మీద నిలుస్తుంది. నిజమైన చర్చ జరగవలసినది అక్కడే.

లక్షలాది ప్రజలు ఒక గదిలో కూర్చోలేరు కనుక ఈ పద్ధతిలో పాల్గొనేవారిని నాలుగు వలయాలుగా భావిస్తారు. నడిమి వలయంలో నమూనాను నిర్మించే చిన్న బృందం ఉంటుంది. దాని చుట్టూ ప్రతి వర్గమూ నమ్మే ప్రతినిధులు, ఆ బృందపు పనిని అడుగడుగునా పరీక్షించేవారు ఉంటారు. మూడవ వలయం సాధారణ ప్రజలది. తమ ప్రతినిధిపై ఉన్న నమ్మకం ద్వారా వారు ప్రక్రియతో ముడిపడి ఉంటారు. నాల్గవ వలయం సంతకం చేసే అధికారం గలవారిది. వీరిని చివరిరోజున పిలవడం కాక, మొదటినుండే వెంట తీసుకుపోవాలన్నది నియమం. అసలు నిర్ణయానికి ముందు వారిచేత కొన్నిమార్లు అభ్యాస నిర్ణయాలు చేయిస్తారు. "ఈ రోజే నిర్ణయించవలసి వస్తే దేనిని ఎన్నుకుంటారు, ఎందుకు?" అని అడుగుతారు. ఏ సమాచారం కొరవడినదో అప్పుడు బయటపడుతుంది.

సాధనపు హద్దులు

ఈ సాధనం ఉన్నంతమాత్రాన అందరూ సంతృప్తి పడతారని అనుకోరాదు. అమెరికా, కెనడాల సరిహద్దుపై ఉన్న ఓంటారియో సరస్సు నుండి సెయింట్ లారెన్స్ నదిలోకి పోయే నీటిని 1960 నుండి ఒక ఆనకట్ట ద్వారా నియంత్రిస్తున్నారు. పాత నియమావళి సరస్సు మట్టాన్ని వీలైనంత నిలకడగా ఉంచింది. ఒడ్డున ఇళ్ళున్నవారికి అది అనుకూలం. మట్టం హెచ్చుతగ్గులపై ఆధారపడి బతికే తీరపు చిత్తడి నేలలకు మాత్రం అది చేటు చేసింది. ఓడల రవాణా, జలవిద్యుత్తు, పడవ విహారం, తాగునీరు, ఒడ్డు ఇళ్ళు, ప్రకృతి అన్నిటినీ ఒకే నమూనాలో తూచి చూస్తూ రెండు దేశాల ఉమ్మడి కమిషన్ 2000 సంవత్సరం చివర మొదలుపెట్టిన అధ్యయనం 2006 వరకు సాగింది. ఆ తరువాత కూడ సుదీర్ఘ చర్చ నడిచి, కొత్త నియమావళి 2017 జనవరిలో అమలులోకి వచ్చింది.

ఆ వసంతంలోనే అసాధారణమైన వానలు కురిసి సరస్సు పొంగింది. 2019లో మరింత పొంగింది. ఇళ్ళు దెబ్బతిన్నవారు కొత్త నియమావళినే నిందించారు. అంతటి వానను పాత నియమావళి అయినా, మరే నియమావళి అయినా ఆపగలిగేది కాదని కమిషన్ విశ్లేషణ చెప్పింది. ఇల్లు మునిగినవానికి ఆ వివరణ ఎంతవరకు ఊరటనిస్తుందన్నది వేరే మాట. 2020 నుండి ఆ నియమావళిని పునఃపరిశీలించడం మొదలుపెట్టారు. ఉమ్మడిగా చేసిన నిర్ణయం శిలాశాసనం కాదు. దానిని గమనిస్తూ, కొలుస్తూ, అవసరమైనప్పుడు మార్చుకునే ఏర్పాటు కూడ ఆ నిర్ణయంలో భాగంగానే ఉండాలి. నష్టపోయే అవకాశం ఎవరికి ఉన్నదో వారికి ముందే దాపరికం లేకుండా చెప్పాలి.

తెలుగు రైతుల నీటి పద్దు

ఈ సాధనాలకు ఖరీదైన యంత్రాలు తప్పనిసరి కావని తెలుగు నేలమీది ఒక అనుభవం చూపుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఏడు కరువు జిల్లాలలో 2000 దశకంలో రైతుల నిర్వహణలో భూగర్భజల పథకం ఒకటి నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడింది. వాననీటిని కొలిచే పాత్రలను, ఎంపిక చేసిన బావులలో నీటిమట్టాన్ని కొలిచే పనిని రైతులకే అప్పగించారు. స్త్రీలూ పురుషులూ ఆ కొలతలు తీసి, ఊరి నడుమ గోడమీది బోర్డుపై రాసేవారు.

రబీ పంట వేయడానికి ముందు ఒకే వాగు పరీవాహంలోని ఊళ్ళవారంతా కూడేవారు. ఖరీఫ్ వానలకు భూమిలోకి ఇంకిన నీరెంత, రబీలో ఎవరెవరు ఏ పంట వేయదలచారు, వాటికి కావలసిన నీరెంత అని పద్దు కట్టేవారు. జమ కంటె ఖర్చు ఎక్కువగా తేలితే ఆ సంగతి అందరి ఎదుట గోడమీద కనబడేది. ఎవరినీ నిర్బంధించలేదు, ఏ పంటనూ నిషేధించలేదు, దీనికోసం ప్రత్యేక రాయితీలూ ఇవ్వలేదు. అయినా అనేకచోట్ల రైతులు వరి విస్తీర్ణం తగ్గించుకుని తక్కువ నీటి పంటలకు మళ్ళారు. పొరుగువాడి బోరూ తన బోరూ ఒకే నీటిని తోడుతున్నాయన్నది లెక్కగా కళ్ళెదుట నిలిచినప్పుడు మనిషి ఆలోచన మారుతుంది. పథకపు ఊతం ముగిసిన తరువాత ఈ అలవాటు అన్ని ఊళ్ళలోను ఒకే తీరున నిలవలేదు. కొలిచేవారు లేకపోతే పద్దు ఆగుతుంది. పద్దు ఆగితే పాత అలవాటు తిరిగి వస్తుంది.

మహారాష్ట్రలోని హివ్రే బజార్ గ్రామం కూడ ఇదే బాటలో నడిచింది. అక్కడ ఏటా కురిసిన వానను బట్టి నీటి లెక్క చూసి, ముందు తాగునీటికి, పశువులకు కేటాయించి, మిగిలిన దానిని బట్టి పంటలు నిర్ణయించుకోవడం ఆనవాయితీ. సాగుకు బోరుబావులు తవ్వరాదని ఊరే కట్టుబాటు చేసుకున్నది.

కుళాయి వెనుక ఉన్న ఒప్పందం

నీటి విషయంలో ఉమ్మడి నిర్ణయం చెన్నై తెలుగువారికి కొత్త సంగతి కాదు. నగరంలోని కుళాయిలలో కొన్ని నెలలు పారేది కృష్ణ నీరే. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలు తలా 5 టీఎంసీల చొప్పున మొత్తం 15 టీఎంసీలు చెన్నైకి ఇవ్వడానికి 1976లో అంగీకరించాయి. దారిలో ఆవిరి, ఇంకుడు కింద 3 టీఎంసీలు పోగా 12 టీఎంసీలు సరిహద్దు వద్ద అందాలన్నది లెక్క. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల నడుమ ఒప్పందం కుదిరి తెలుగు గంగ పథకం రూపుదాల్చింది. 1996లో కండలేరు నుండి కాలువ ద్వారా నీరు తొలిసారి పూండి జలాశయం చేరింది. మాట కుదిరిన నాటికీ నీరు వచ్చిన నాటికీ నడుమ ఇరవై సంవత్సరాలు గడిచాయి. నాలుగు రాష్ట్రాలు కలిసి చేసుకున్న ఒక నిర్ణయం ఆ కుళాయి వెనుక ఉన్నది. ఎగువన వానలు లేని సంవత్సరాలలో ఆ నీరు తగ్గిపోవడం కూడ నగరం చూసినదే.

ఒక భవన సముదాయంలో లెక్క

ఇంత పెద్ద నదుల పద్ధతి ఒక చిన్న భవన సముదాయానికి ఎట్లా పనికివస్తుంది? ఒక ఉదాహరణను ఊహించవచ్చు. నలభై కుటుంబాలున్న ఒక సముదాయంలో బోరు ఎండుతున్నది. కొందరు బోరును ఇంకా లోతుకు దించాలంటున్నారు. కొందరు ఇంకుడు గుంతలు తవ్వాలంటున్నారు. మరికొందరు ట్యాంకర్లతో సరిపెట్టుకుందామంటున్నారు. సమావేశం ప్రతి నెలా తగవుతోనే ముగుస్తున్నది.

ముందుగా పద్దు కట్టాలి. కుటుంబానికి నలుగురు చొప్పున 160 మంది. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున, నగర నీటి సరఫరాకు దేశంలో వాడే ప్రమాణం ప్రకారం, రోజుకు 21,600 లీటర్లు కావాలి. కప్పు వైశాల్యం 400 చదరపు మీటర్లు అనుకుంటే, చెన్నైలో ఏటా కురిసే సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో ఐదింట నాలుగు వంతులు పట్టగలిగినా ఏడాదికి వచ్చేది 4,48,000 లీటర్లు. అంటే దాదాపు ఇరవై ఒక్క రోజుల వాడకం. వాన నీటితోనే ఏడాదంతా గడపవచ్చని వాదించేవారికి ఇది సమాధానం. అయితే వేసవిలో ఇరవై రోజుల నీరు చిన్న విషయమేమీ కాదు.

ఇప్పుడు మరొక ప్రత్యామ్నాయం. ప్రతి మనిషీ రోజుకు 20 లీటర్లు తగ్గించుకుంటే సముదాయానికి రోజుకు 3,200 లీటర్లు, ఏడాదికి 11,68,000 లీటర్లు మిగులుతాయి. 12,000 లీటర్ల ట్యాంకర్లు తొంభై ఏడింటితో ఇది సమానం. కప్పు పట్టే వాన కంటె ఇది రెండున్నర రెట్లు ఎక్కువ. కారే కుళాయిలు బాగుచేయడం, ప్రతి ఇంటికీ మీటరు పెట్టడం అన్న మాట అంతవరకు ఆ సమావేశంలో ఎవరూ ఎత్తి ఉండకపోవచ్చు. లెక్క వేసిన తరువాత అదే మొదటి వరుసలోకి వస్తుంది. ఇక బోరు లోతు విషయం. పొరుగు సముదాయం కూడ లోతుకు దించితే ఏమవుతుందన్న ప్రశ్నను పట్టికలో ఒక గడిగా చేర్చాలి. ఈ పట్టికను ఒకరు ఇంట్లో కూర్చుని తయారుచేసి తెస్తే మిగిలినవారు అనుమానిస్తారు. అందరి ఎదుట, అందరి అంకెలతో గోడమీద కాగితంపై కడితే అదే ఉమ్మడి నమూనా.

వార్డు సభలో అడగదగిన ప్రశ్నలు

నగరస్థాయిలో ఇటువంటి చర్చకు చట్టం ఒక వేదికను కల్పించింది. 74వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 243ఎస్ అధికరణం మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక ప్రాంతాలలో వార్డు కమిటీలు ఉండాలని నిర్దేశించింది. చెన్నై మహానగరంలో 200 వార్డులు ఉన్నాయి. వార్డు కమిటీ, ఏరియా సభ వంటి వేదికలలో కాలువలు, చెరువులు, నీటి సరఫరా గురించి ప్రశ్నించవచ్చు. నీటి సరఫరా సంస్థ ప్రాంతీయ కార్యాలయాలలో ప్రతి నెలా రెండవ శనివారం ఉదయం జరిగే బహిరంగ సమావేశం కూడ ఇటువంటిదే.

చెరువు పునరుద్ధరణ, వాననీటి కాలువ, కొత్త పంపు కేంద్రం వంటి ఏ పని సభ ఎదుటికి వచ్చినా ఈ ప్రశ్నలు అడగవచ్చు.

ఈ పని దేనిని సాధించడానికి? వరద తగ్గించడానికా, నీరు నిల్వ చేయడానికా, రెండింటికీనా? రెండూ అయితే అవి పోటీపడే రోజున దేనికి ముందు స్థానం?

ఇంకా ఏ ప్రత్యామ్నాయాలను చూశారు? ఏ పనీ చేయకుండా ఉంటే ఏమవుతుందో లెక్క చూశారా?

లెక్కలో వాడిన అంకెలు ఎక్కడివి? 2015 వంటి వానకు, 2019 వంటి ఎండకు ఈ ప్రణాళిక నిలుస్తుందా?

దీనివలన ఎవరికి మేలు, ఎవరికి నష్టం? నష్టపోయేవారు ఈ గదిలో ఉన్నారా?

పని పూర్తయిన తరువాత ఫలితాన్ని ఎవరు కొలుస్తారు? తేడా వస్తే మార్చే అధికారం ఎవరిది?

ప్రశ్నలతోపాటు అంకెలను కూడ తీసుకువెళ్ళవచ్చు. బావిలో నీటిమట్టం ఎంతున్నదో నెలకొకసారి తాడుతో కొలిచి రాసుకున్న పుస్తకం, కుళాయి ఏ రోజున ఎంతసేపు వచ్చిందో గుర్తుపెట్టుకున్న క్యాలెండరు, వరదనీరు గోడమీద ఎంత ఎత్తున గుర్తు విడిచిందో చూపే ఛాయాచిత్రం, ఇవి అన్నీ సాక్ష్యాలే. ఏ కాలువ ఎక్కడ పూడుతుందో, ఏ మూలమలుపు వద్ద నీరు వెనక్కు తన్నుతుందో కాలువలు శుభ్రం చేసే కార్మికులకు తెలిసినంతగా ఏ పటానికీ తెలియదు. వారిలో అనేకులు తెలుగు మాట్లాడేవారే. ఆ అనుభవం వారి నోటనే మిగిలిపోతే ప్రణాళికలో ఒక గడి ఖాళీగానే ఉంటుంది.

భాష దీనికి అడ్డు కారాదు. సభలో తమిళంలో చదివిన తీర్మానం అర్థం కాకపోతే దాని సారాంశాన్ని తెలియజెప్పమని అడగడంలో చిన్నతనమేమీ లేదు. పదవ తరగతి చదివే పిల్లలకు రెండు భాషలూ వస్తాయి. వారిని వెంట తీసుకుపోవచ్చు. అభిప్రాయాన్ని తెలుగులో రాసి, వీధిలో ఒకరిచేత తమిళంలో పెట్టించి ఇవ్వవచ్చు. తనకు అర్థం కాని నిర్ణయానికి చేయెత్తి ఒప్పుకోవడం కంటె, అర్థమయ్యేవరకు అడగడమే సభకు మేలు చేస్తుంది.

మళ్ళీ చెంబరంబాక్కం వద్దకు వస్తే, నవంబరులో ఆ చెరువును ఎంత మట్టం వరకు ఉంచాలన్న ప్రశ్నకు అందరికీ నచ్చే ఒకే జవాబు దొరకకపోవచ్చు. అడయారు ఒడ్డు కుటుంబమూ, మిట్ట వీధి కుటుంబమూ ఒకే పట్టిక ఎదుట కూర్చుని, ఒకరి భయాన్ని ఒకరు అంకెలలో చూసుకున్న తరువాత వచ్చే నిర్ణయం వేరు. ఒకరికొకరు తెలియకుండా వచ్చే నిర్ణయం వేరు. మొదటి దానిలో పొరపాటు జరిగినా అది ఎక్కడ జరిగిందో తెలుస్తుంది; మరుసటి ఏడు వానలకు ముందే దిద్దుకునే వీలుంటుంది.